రోజూ మెడలో వేసుకోవడానికి ఏది మేలు: బండానా, ట్యూబ్, తువ్వాలు?

అడిగింది క్లుప్తంగా ఇది: "హైదరాబాద్‌లో రోజూ బైక్ మీద ఆఫీసుకు వెళ్లొస్తాను. ఆదివారాలు స్నేహితులతో అనంతగిరి, భువనగిరి కోట లాంటి చోట్లకు వెళ్తాం. ఎండ, దుమ్ము, చెమట అన్నిటికీ పనికొచ్చేలా ఒకే గుడ్డ వెంట పెట్టుకోవాలంటే బండానా కొనాలా, బైకర్లు వేసుకునే ట్యూబా, అరబ్బుల రుమాలు లాంటి పెద్దదా? మా నాన్నలా తువ్వాలు వేసుకుంటే ఆఫీసులో ఎలా ఉంటుంది?"

తమ్ముడూ, ముందు సూటిగా చెప్పేస్తాను. ఒక్కటే ఉండాలంటే పలుచని నేత తువ్వాలు తీసుకో. రెండు పెట్టుకోగలిగితే బైక్ కోసం ఒక ట్యూబ్, అంటే తల మీదుగా మెడకు తొడుక్కునే గొట్టం లాంటి గుడ్డ, చేర్చుకో. బండానా ఆ తర్వాతే. నేను రోడ్ల పనుల్లో సైట్ సూపర్‌వైజర్‌ని, ఏళ్ల తరబడి ఎండలో, తారు పొగలో, కంకర దుమ్ములో నిలబడే ఉద్యోగం. నాతో ఉండే మేస్త్రీలు, కూలీలు, టిప్పర్ డ్రైవర్లలో మెడలోనో నెత్తినో గుడ్డ లేని మనిషి కనిపించడు. నేను రాసేది ఆ గుడ్డల్ని రోజూ చూస్తూ, వాడుతూ తెలుసుకున్నదే.

ఆన్‌లైన్‌లో ఈ సరుకు అమ్మేవాళ్లు రంగుల గురించి, డిజైన్ల గురించి చెబుతారు గానీ అసలు చూడాల్సింది కొలత. మామూలు బండానా 22 అంగుళాల చదరం. మూలకు మూల మడిస్తే పొడవు వైపు 31 అంగుళాలు వస్తుంది. అది ముక్కు మీదుగా తెచ్చి తల వెనక ముడి వేయడానికి సరిపోతుంది, మెడకు చుట్టడానికి సరిపోతుంది, నుదుటి చెమట ఆపడానికి బాగానే ఉంటుంది. అంతకుమించి అడిగితే చేతులెత్తేస్తుంది. తలంతా చెవులతో సహా కప్పాలన్నా, చెయ్యి విరిగితే మెడకు వేలాడదీయాలన్నా, తడి తల తుడుచుకోవాలన్నా చాలదు. తువ్వాలు 30 అంగుళాల వెడల్పు, 60 అంగుళాల పొడవు ఉంటుంది. ఆ అదనపు గుడ్డ ఉండబట్టే అది తలపాగా అవుతుంది, నడుం కట్టు అవుతుంది, మూట అవుతుంది, కింద పరుచుకునే పక్క అవుతుంది, బరువు మోసేటప్పుడు నెత్తిన చుట్టకుదురు అవుతుంది. మా సైట్‌లో మధ్యాహ్నం చూడు, వేపచెట్టు కింద పడుకున్న ప్రతి మనిషి మొహం మీదా తువ్వాలే ఉంటుంది, ఈగలు వాలకుండా.

అరబ్బుల రుమాలు కూడా మంచిదే. మీటరు పైన చదరంగా ఉంటుంది కాబట్టి కొలతలో దానికి వంక పెట్టలేం. జగిత్యాల, నిజామాబాద్, కరీంనగర్ వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్లిన మనవాళ్లు అక్కడి సైట్లలో అదే తలకు చుట్టుకుని పనిచేస్తారు, సెలవుకొచ్చేటప్పుడు రెండు మూడు తెస్తారు కూడా. నీకు అలాంటి చుట్టం ఉంటే అడిగి తెప్పించుకో. కానీ ఇక్కడ ఆన్‌లైన్‌లో ఆ పేరుతో దొరికేవాటిలో చాలా వరకు పాలిస్టర్ కలిసినవే, పైగా మందంగా ఉంటాయి. ఎడారి రాత్రి చలికి ఆ మందం కావాలి. ఏప్రిల్‌లో మియాపూర్ సిగ్నల్ దగ్గర నిలబడినవాడికి అది దుప్పటి కప్పుకున్నట్టే.

అసలు ఇలాంటి పెద్ద చదరపు రుమాళ్లు నేయడంలో మనవాళ్ల చెయ్యే గొప్పది. చీరాల, పుట్టపాక తేలియా రుమాళ్లు విన్నావో లేదో. నూలును నూనెలో, ఆముదం కాయల బూడిద కలిపిన నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి, ఎండబెట్టి, మళ్లీ నానబెట్టి, పోగు పోగుకూ ముందే రంగు కట్టి, పడుగూ పేకా రెండూ లెక్కగా కలిసేలా నేస్తారు. ఎరుపు, నలుపు, తెలుపు. ఒకప్పుడు జాలర్లు, పశువుల కాపరులు దాన్నే లుంగీగా, తలపాగాగా వాడేవాళ్లు, అరబ్ దేశాలకు ఓడల మీద వెళ్లేది. 2020లో పుట్టపాక తేలియా రుమాలుకు జీఐ, అంటే ఆ ఊరి సరుకేనని చెప్పే భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇంత చెప్పి కూడా నిన్ను అది కొనమనడం లేదు, ఎందుకంటే అసలైనది ఇప్పుడు ఖరీదైన కళ, దాన్ని చెమట తుడవడానికి వాడితే నాకే మనసొప్పదు. పండక్కి కొనుక్కో. అచ్చు వేసిన నకలును అదే పేరు చెప్పి అంటగడుతుంటారు, తిప్పి చూడు, అసలు నేతలో డిజైన్ రెండు వైపులా ఒకేలా ఉంటుంది, రంగు అంచుల దగ్గర కాస్త చెదిరినట్టు కనిపిస్తుంది.

ఇక దారం సంగతి. నూలు గాలిలో ఉన్న తేమనే తన బరువులో 8 శాతం దాకా పట్టి ఉంచుకుంటుంది, పాలిస్టర్ అర శాతం కూడా పట్టదు. అందుకే పాలిస్టర్ ట్యూబ్ తొందరగా ఆరుతుంది, నూలు తువ్వాలు తడిని పట్టుకుని ఎక్కువసేపు చల్లగా ఉంచుతుంది. ఏది మంచిదంటే నువ్వు ఏ ఊళ్లో ఉన్నావన్నదాన్ని బట్టి. హైదరాబాద్, రామగుండం, కర్నూలు, రెంటచింతల వైపు మే నెల మధ్యాహ్నం గాలి పొడిగా ఉంటుంది. తువ్వాలు తడిపి, పిండి, తల మీదుగా మెడ మీద వేసుకుంటే నీళ్లు ఆవిరవుతూ ఒంట్లో వేడిని లాగేస్తాయి, హాయిగా ఉంటుంది, ఆరగానే మళ్లీ తడుపుకోవాలి. అదే పని విశాఖలోనో కాకినాడలోనో చేసి చూడు. గాలిలోనే తేమ నిండి ఉంటుంది కాబట్టి గుడ్డ ఆరదు, చల్లదనం రాదు, మెడ చుట్టూ తడి గుడ్డ ఒరుసుకుని చెమటకాయలు వస్తాయి. సముద్రం పక్క ఊళ్లలో ఉండేవాళ్లు తడపకుండా పొడి గుడ్డే వాడాలి, చెమటకు తడవగానే మార్చుకోవడానికి రెండోది పెట్టుకోవాలి. మా చుట్టాలబ్బాయి వరంగల్ నుంచి వైజాగ్‌కు బదిలీ అయ్యాక ఇదే గోల, ఇక్కడ పనిచేసిన చిట్కా అక్కడ ఎందుకు పనిచేయడం లేదని ఫోన్ చేశాడు. కారణం ఇంతే.

వడగాలి రోజుల్లో చెవులు కప్పుకోమని పెద్దవాళ్లు చెప్పేది వట్టి ఛాదస్తం కాదు. చుట్టూ గాలి నీ ఒంటి వేడికన్నా ఎక్కువ వేడిగా ఉన్నప్పుడు, బైక్ మీద ఎదురుగాలి చల్లబరచడం మాని చర్మం మీదికి ఇంకా వేడిని తోస్తుంది, ఒంట్లో నీటిని లాగేస్తుంది. అలాంటప్పుడు మధ్యలో గుడ్డ అడ్డుండాలి. అయితే గుడ్డ కప్పుకున్నాం కదా అని వడదెబ్బ తగలదనుకోవద్దు. మాట తడబడుతున్నా, మనిషి అయోమయంగా మాట్లాడుతున్నా, స్పృహ తప్పుతున్నా వెంటనే 108కి ఫోన్ చేయాలి, నీడకు చేర్చి, ఒళ్లంతా నీళ్లతో తడిపి, తడి గుడ్డలు మెడ దగ్గర, చంకల్లో పెట్టి విసరాలి. మెడలో తువ్వాలు ఉన్నవాడికి ఆ సమయంలో గుడ్డ కోసం వెతుక్కునే పని ఉండదు.

ట్యూబ్ గురించి. ఇది స్పెయిన్‌లో 1990ల మొదట్లో మోటార్‌సైకిల్ పిచ్చి ఉన్న ఒక బట్టల వ్యాపారి చేసిన వస్తువు, కుట్టు లేకుండా గుండ్రంగా అల్లిన గొట్టం. బఫ్ అని బ్రాండ్ పేరుతోనే అందరూ పిలుస్తున్నారు, మన దగ్గర రోడ్డు పక్కన అమ్మే చవకవి కూడా అదే పద్ధతిలో చేసినవే. బైక్‌కు దీన్ని మించింది లేదంటాను, రెండు కారణాలకు. ఒకటి, హెల్మెట్ కింద ముడి ఉండదు. బండానా ముడి తల వెనక హెల్మెట్‌కూ పుర్రెకూ మధ్య ఇరుక్కుంటే అరగంటలో తలనొప్పి మొదలవుతుంది, హెల్మెట్ కూడా తల మీద సరిగ్గా కూర్చోదు. తువ్వాలు తలకు చుట్టి దాని మీద హెల్మెట్ పెట్టడం ఇంకా ప్రమాదం, పడినప్పుడు హెల్మెట్ జారిపోతుంది. రెండు, వేలాడే కొసలు ఉండవు.

ఈ రెండోదాన్ని కాస్త ఎక్కువగానే చెప్పాలి. చక్రంలో చున్నీ చుట్టుకుని, చీర కొంగు చుట్టుకుని పడిపోయిన ఘటనలు మన రోడ్ల మీద కొత్త కాదు. అందుకే 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వ నిబంధన ప్రకారం వెనక చక్రాన్ని కనీసం సగం కప్పేలా గార్డ్ ఉండాలి. మనవాళ్లు స్టైల్ కోసం షోరూమ్ నుంచి రాగానే దాన్ని పీకించేస్తారు. నువ్వు తువ్వాలు మెడలో వేసుకుని బైక్ ఎక్కితే రెండు కొసలూ చొక్కా లోపలికో జాకెట్ లోపలికో దోపాల్సిందే, జిప్ పైదాకా వేయాల్సిందే. వెనక కూర్చున్నవాళ్ల చున్నీ కూడా చూసుకో, నడుం చుట్టూ తిప్పి ముందుకు ముడి వేయమను. ఇక తిరిగే యంత్రం దగ్గర, లేత్ కావచ్చు, వరి నూర్పిడి మిషన్ కావచ్చు, కాంక్రీట్ మిక్సర్ బెల్టు కావచ్చు, చెరకు రసం మిషన్ కావచ్చు, మెడలో ఏ గుడ్డా ఉండకూడదు. మా సైట్‌లో మిక్సర్ దగ్గరికి వచ్చేవాడు తువ్వాలు తీసి తలకు బిగించి కొసలు లోపలికి దోపుకుంటేనే పని మొదలు పెట్టనిస్తాను. ఈ విషయంలో ఎవరు అలిగినా నేను వినను.

పాలిస్టర్ ట్యూబ్‌కు ఒక చెడ్డ గుణం ఉంది. నిప్పు తగిలితే కరిగి చర్మానికి అంటుకుంటుంది. వెల్డింగ్ దగ్గర, దీపావళి టపాకాయల దగ్గర, పొయ్యి దగ్గర దాన్ని మెడలో ఉంచుకోకు. నూలు కూడా కాలుతుంది, కానీ కరిగి అతుక్కోదు, లాగి పారేయొచ్చు.

దుమ్ము గురించి భ్రమ ఒకటి తీసేయాలి. ఏ గుడ్డయినా, ఎన్ని మడతలు వేసినా, కంటికి కనిపించే దుమ్మునే ఆపుతుంది. లారీ పొగలో, ఊపిరితిత్తుల లోపలికి దిగే సన్నని కణాలు పక్కలనుంచీ గుడ్డలోంచీ కూడా దర్జాగా వెళ్లిపోతాయి. దానికి ఎన్95 మాస్కే కావాలి, మొహానికి అతుక్కునేలా ఉండాలి. ఆస్తమా ఉన్నవాళ్లు, కంకర మిషన్ దగ్గర పనిచేసేవాళ్లు బండానా కట్టుకుని సరిపెట్టుకోవద్దు. రాయి, ఇసుకలో ఉండే సిలికా దుమ్ముతో ఊపిరితిత్తులు పాడైతే తిరిగి బాగుపడవు. నేను మా వాళ్లకు మాస్క్ వేసి, చెమట పీల్చుకోవడానికి దాని మీద పలుచని గుడ్డ కట్టుకోమంటాను, గాలి మాస్క్ గుండానే వెళ్లేలా కింద మాస్క్ బిగుతుగా ఉండాలి.

మొహానికి తువ్వాలు కట్టే పద్ధతి చాలామందికి రాదు, ఊరికే చుట్టేస్తారు, రెండు నిమిషాలకు ఊడుతుంది. ఇలా చెయ్. తువ్వాలును నిలువునా ఒక మడత వేయి. తల మీద, నుదుటికి పైగా వేసుకో, ఎడమ వైపు మూరెడు, కుడి వైపు మిగతాదంతా ఉండేలా. ఎడమ కొసను గడ్డం కిందికి లాగి పట్టుకో. కుడి వైపు పొడవాటి కొసను ముక్కు మీదుగా, కళ్ల కింద నుంచి, ఎడమ చెవి మీదుగా తల వెనక్కి తిప్పి, మళ్లీ కుడి చెవి దగ్గరకు తెచ్చి, అక్కడ బిగుతుగా ఉన్న మడతలోకి దోపు. ముడి వద్దు. గడ్డం కింద ఉన్న చిన్న కొసను కూడా లోపలికి దోపేయి. ఇప్పుడు నీళ్లు తాగాలంటే ముక్కు మీది పొరను వేలితో కిందికి లాగితే చాలు, మొత్తం విప్పక్కర్లేదు. ఇది నడిచేటప్పటి కట్టు, హెల్మెట్ కిందకు కాదు. బ్యాంకులోకి, ఏటీఎంలోకి, నగల దుకాణంలోకి వెళ్లేటప్పుడు మొహం మీది గుడ్డ తీసేయి. వాచ్‌మన్ అడిగేదాకా ఆగొద్దు.

దెబ్బ తగిలినప్పుడు వాడకం. చెయ్యి విరిగిందని అనుమానం వస్తే తువ్వాలును వెడల్పుగా ముంజేయి కిందుగా పోనిచ్చి, రెండు కొసలూ మెడ వెనక్కి తిప్పి, భుజం మీద కాలర్ ఎముక పక్కన ముడి వేయాలి. వెన్నెముక మీద ముడి పడితే గుచ్చుకుంటుంది. అరచెయ్యి మోచేతి కన్నా కాస్త ఎత్తులో ఉండాలి, వేళ్లు బయటకు కనపడాలి, నీలంగా మారినా తిమ్మిరెక్కినా కట్టు వదులు చేయాలి. రక్తం కారుతుంటే గుడ్డను మందంగా మడిచి గాయం మీదే గట్టిగా నొక్కి పట్టు, ఆగిందా లేదా అని మాటిమాటికీ ఎత్తి చూడకు, తడిసిపోతే దాని మీదే ఇంకో గుడ్డ వేసి నొక్కు.

పాము కాటు దగ్గర మాత్రం మెడలో గుడ్డ ఉండడమే కీడవుతోంది, అందుకే గట్టిగా చెబుతున్నాను. మన పల్లెల్లో ఎవరికి పాము కరిచినా మొదట జరిగే పని, ఎవరో ఒకరు భుజాన ఉన్న తువ్వాలు చింపి కాటుకు పైన బిగించి కట్టేయడం. అది చేయొద్దు. రక్తపింజర లాంటి పాము విషం కండను కుళ్లబెడుతుంది, బిగించి కడితే విషం, వాపు అంతా అక్కడే నిలిచి కాలు పోగొట్టుకునే పరిస్థితి వస్తుంది, రక్తం ఆడక ఇంకా చెడుతుంది. కాలు కదలకుండా పక్కన కర్ర పెట్టి, తువ్వాలుతో వదులుగా, వేలు దూరేంత వదులుగా కట్టు, అంతే. కొయ్యొద్దు, పీల్చొద్దు, మంత్రాల దగ్గరికి తీసుకెళ్లి సమయం పాడు చేయొద్దు, మనిషిని నడిపించొద్దు, 108కి చెప్పి విషానికి విరుగుడు మందు ఉండే ఆసుపత్రికి చేర్చు. నువ్వు వెళ్లేసరికే ఎవరో గట్టిగా కట్టేసి ఉంటే దారిలో హఠాత్తుగా విప్పేయకు, ఆగి ఉన్న విషం ఒక్కసారిగా ఒంట్లోకి పోతుంది. డాక్టర్ సమక్షంలోనే విప్పాలి. ఆదివారాలు గుట్టలెక్కే కుర్రాళ్లు కాబట్టి ఈ నాలుగు ముక్కలూ నీతో వచ్చేవాళ్లందరికీ చెప్పు.

నీళ్ల సంగతి కూడా అడుగుతారు కాబట్టి చెబుతాను. పాత నూలు గుడ్డను నాలుగు మడతలకు తగ్గకుండా వేసి వడకడితే మురికి, పురుగు, నీటి నాచు ఆగుతాయి. బంగ్లాదేశ్‌లోని మత్లాబ్ ప్రాంతంలో పాత చీరలతో ఇలా వడకట్టించి చూస్తే కలరా దాదాపు సగానికి తగ్గిందని అమెరికా శాస్త్రవేత్త రీటా కోల్‌వెల్ బృందం 2003లో ప్రచురించింది. కలరా క్రిములు నీటిలోని సూక్ష్మజీవుల ఒంటికి అంటుకుని ఉంటాయి, వాటితో పాటే గుడ్డలో చిక్కుతాయి. పాత గుడ్డే ఎందుకంటే ఉతికి ఉతికి పోగులు విచ్చుకుని రంధ్రాలు సన్నబడతాయి. అయినా వైరస్‌లు ఆగవు, పురుగుమందులు అసలే ఆగవు. వడకట్టాక మరిగించాలి. ఆ రోజు చెమట తుడిచిన గుడ్డతో వడకట్టకూడదని వేరే చెప్పక్కర్లేదు అనుకుంటాను.

ఇప్పుడు ఆఫీసు మాట. ఎవరో ఏదో అంటారని జంకొద్దు. మీ నాన్నగారు వేసుకునేదాన్నే మడిచి బ్యాగు పై జేబులో పెట్టుకుంటే ఎవరికీ తెలియదు, మెడకు ఒక చుట్టు వేసుకుని కొసలు ముందుకు వదిలితే స్కార్ఫ్ వేసుకున్నావనే అనుకుంటారు. రంగు మాత్రం చూసి తీసుకో. వట్టి పసుపు, వట్టి గులాబీ, కాషాయం, మూడు రంగుల అంచు ఉన్నవి వేసుకుంటే మన రెండు రాష్ట్రాల్లో ముందు నిన్ను ఏ పార్టీ అని అడుగుతారు. ఎన్నికలప్పుడైతే మరీనూ. బూడిద రంగు, ముదురు నీలం, గళ్లు ఉన్నవి నయం, మరకలు కూడా కనపడవు. తెల్లది అందంగా ఉంటుంది గానీ బైక్ మీద రెండు రోజులకే మసిబారుతుంది, పైగా పలుచని తెల్ల గుడ్డ ఎండను అనుకున్నంతగా ఆపదు, తడిస్తే ఇంకా తక్కువ ఆపుతుంది.

కొనేటప్పుడు టర్కీ టవల్ తీసుకోకు, ఆ ఉచ్చులుచ్చులుగా ఉండే గుడ్డ స్నానానికి బాగుంటుంది గానీ మడిస్తే లావు, ఆరడానికి పూట పడుతుంది, వానాకాలంలో కంపు కొడుతుంది. నేత తువ్వాలును వెలుతురుకు ఎత్తి పట్టి చూడు, అవతలి వెలుగు సన్నగా, ఒక్క తీరుగా కనపడాలి. పిడికిట్లో నలిపి వదిలితే నూలు ముడత పడి ఉండిపోతుంది, పాలిస్టర్ కలిసింది వెంటనే సాగి మామూలుగా అయిపోతుంది. చేనేత సహకార సంఘాలవైన ఆప్కో, టెస్కో షోరూమ్‌లలో దొరుకుతాయి, సంతల్లోనూ మంచివి ఉంటాయి, బేరం నీ చేతిలో ఉంది.

కొత్త తువ్వాలు మొదటి రోజు నీళ్లు పీల్చడం లేదని విసుక్కోకు, అందులో గంజి ఉంటుంది. రాత్రంతా నీళ్లలో నానబెట్టి, ఉదయం వేడి నీళ్లతో ఉతికి, ఇలా రెండు మూడు సార్లు చేశాక మెత్తబడుతుంది. ఎరుపు, ముదురు నీలం రంగులవి మొదటి ఉతుకులన్నీ విడిగా ఉతుకు, వేడి నీళ్లు పోయకుండా, నీడలో ఆరేయి. ఫాబ్రిక్ కండిషనర్ వాడకు, అది పోగుల మీద పూతలా పట్టి తడి పీల్చే గుణం తగ్గిస్తుంది. మెడకూ మొహానికీ వాడేది రోజూ ఉతకాల్సిందే, లేకపోతే గడ్డం కింద కురుపులు లేస్తాయి. అందుకే ఒకటి కాకుండా ఒకే రకానివి మూడు కొను, ఒకటి ఒంటి మీద, ఒకటి దండెం మీద, ఒకటి బ్యాగులో.